తేలిక లోహానికి గట్టి తోడు



మెగ్నీషియం అల్యూమినియం కన్నా దాదాపు మూడో వంతు తేలిక. మరి కార్లూ విమానాలూ అన్నీ దీంతోనే ఎందుకు చేయరు? రెండు చిక్కులున్నాయి.

మొదటిది, చల్లగా ఉన్నప్పుడు వంచబోతే పగులుతుంది. దీని పరమాణువులు పేకముక్కల కట్టలా పొరలు పొరలుగా ఉంటాయి. పొరల వెంబడి సులువుగా జారతాయి, మిగతా దిశల్లో మొరాయిస్తాయి. పైగా రేకుగా సాగదీస్తే లోపలి స్ఫటిక రేణువులన్నీ ఒకే వైపు వాలిపోతాయి. ఇక వంగడానికి దారేది?

ఇక్కడే రేర్ ఎర్త్ మూలకాలు ఆదుకుంటాయి. సీరియం, నియోడిమియం, యిట్రియం వంటివి. కొద్దిగా కలిపితే చాలు, రేణువులు సన్నబడతాయి, ఆ ఒకే వైపు వాలు తగ్గుతుంది. లోహం పగలకుండా వంగుతుంది.

రెండో చిక్కు వేడి. మామూలు మెగ్నీషియం మిశ్రమాలు వేడి పెరిగితే మెత్తబడతాయి. యిట్రియం, నియోడిమియం కలిపిన డబ్ల్యూఈ43 అనే మిశ్రమం మాత్రం 250 డిగ్రీల సెల్సియస్ దాకా నిలుస్తుంది. తగిన వేడిలో ఉంచితే దాని లోపల కంటికి కనపడని పలకలు పుడతాయి. అవే పొరల జారుడుకు అడ్డుకట్ట. అందుకే హెలికాప్టర్ గేర్‌బాక్స్ పెట్టెలకు దీన్ని వాడతారు.

అలాగని ఎక్కువ కలిపేస్తే? లోహం పెళుసెక్కుతుంది, బరువెక్కుతుంది. ఖరీదు సంగతి చెప్పక్కర్లేదు! కొద్దిగానే కలపాలి, అంతే.

మరి ఈ మూలకాలు ఎక్కడ దొరుకుతాయి? మన ఆంధ్ర తీరపు ఇసుకలో ఉండే ఖనిజమైన మోనజైట్‌లో సీరియం, నియోడిమియం ఉన్నాయి. యిట్రియం మాత్రం అందులో తక్కువే.