తల్లికి, బిడ్డకు ఒకే వైద్యుడు
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

వైద్య పరిచర్యను గూర్చి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు మమ్మును కోరారు. గడచిన నూరేండ్ల చరిత్ర చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే ఉన్నారు గనుక, రానున్న కాలమునకు పనికివచ్చే ఒక సంగతిని మీ ముందుంచుతాము.

మార్కు సువార్త అయిదవ అధ్యాయము మనమెరిగినదే. యాయీరు కుమార్తె చావుబ్రతుకుల మధ్య ఉన్నదని విని ప్రభువు బయలుదేరాడు. దారిలో రక్తస్రావ రోగముగల స్త్రీ ఆయన వస్త్రము ముట్టింది. ఆ చిన్నదాని వయస్సు 12 ఏండ్లు, ఈ స్త్రీ రోగము వయస్సు కూడ 12 ఏండ్లే. ప్రభువు ఆ ఒక్క ప్రయాణములోనే పెద్దదానిని స్వస్థపరచి, చిన్నదానిని లేపాడు.

మన పూర్వపు మిషను వైద్యులు కూడ ఈ మాదిరినే అనుసరించారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు, 1900లో వేలూరులో పని ఆరంభించిన డాక్టరు ఐడా స్కడ్డరు ముందు తల్లి, బిడ్డ కలిసే కూర్చున్నారు. తరువాత వైద్యశాస్త్రము పెరిగింది, శాఖలు వేరయ్యాయి. నేడు మన దేశములో పెద్దల వైద్యమునకు మూడేండ్ల ఎం.డి., పిల్లల వైద్యమునకు మరొక మూడేండ్ల ఎం.డి. ఉన్నవి. ఇందువలన గొప్ప మేలు కలిగింది గాని, రెండు శాఖల నడుమ ఒక సందు కూడ ఏర్పడింది.

ఆ సందును పూడ్చుటకు అమెరికా దేశములో 1967లో ఒక ఏర్పాటు జరిగింది. పెద్దల వైద్యుల బోర్డు, పిల్లల వైద్యుల బోర్డు ఒప్పందము చేసుకొని ఉమ్మడి రెసిడెన్సీ శిక్షణకు దారి తెరిచాయి. దానినే క్లుప్తముగా మెడ్-పీడ్స్ అంటారు. విడివిడిగా చేస్తే ఆరేండ్లు పట్టే శిక్షణ ఇందులో నాలుగేండ్లు, అనగా 24 నెలలు పెద్దల వైద్యము, 24 నెలలు పిల్లల వైద్యము. ముగించినవారు రెండు బోర్డుల పరీక్షలకు అర్హులు. కుటుంబ వైద్య శిక్షణలోవలె కాన్పులు, చిన్న శస్త్రచికిత్సలు ఇందులో ముఖ్యము కావు. ఆసుపత్రిలో చేరేంతటి జబ్బులను రెండు వయస్సులలోను లోతుగా నేర్చుకొనుటయే దీని గురి.

శిక్షణలోనివారు కొన్ని నెలలకొకసారి అటునుండి ఇటు మారుతుంటారు. నిన్నటివరకు గుండెపోటు వచ్చిన తాతగారిని చూచిన చేయి, నేడు నెలలు నిండక పుట్టిన శిశువును పట్టుకోవాలి. పెద్దవారికి నిమిషమునకు 60 నుండి 100 నాడి సహజము. అప్పుడే పుట్టిన శిశువుకు 120 నుండి 160 సహజము. పెద్దలకు మాత్ర లెక్క, బిడ్డకు కిలో బరువును బట్టి మందు లెక్క. పెద్దవారు తమ బాధ తామే చెప్పుకుంటారు. బిడ్డ బాధను తల్లి నోట వినాలి. వీటితోపాటు నాలుగేండ్లు ఒకే క్లినిక్కులో కొన్ని కుటుంబములను విడువక చూస్తారు. అవ్వను, మనుమరాలిని ఒకే డాక్టరు ఎరిగియుండుట అక్కడ అలవాటవుతుంది.

ఇది రెండు పడవలమీద కాళ్లు పెట్టుట కాదా అని కొందరడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నాలుగేండ్లలో విశ్రాంతి తక్కువ, రెండు శాఖల కొత్త విషయములను జీవితాంతము చదువుతుండాలి. శిక్షణ పొందినవారిలో కొందరు చివరకు ఒకే శాఖకు వెళ్లిపోతారు. అయినను ఈ శిక్షణ అవసరము తగ్గలేదు. కారణమేమనగా, ఒకప్పుడు బాల్యములోనే చనిపోయేవారు నేడు పెద్దవారగుచున్నారు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏండ్ల బాలునికి ఇన్సులిన్ ఇచ్చినప్పటినుండి చక్కెర జబ్బుగల బిడ్డలు బ్రతుకుచున్నారు. 1944లో బాల్టిమోరులో నీలి శిశువుకు గుండెవద్ద ఆపరేషను జరిగినప్పటినుండి పుట్టుకతో గుండె లోపమున్నవారు పెరిగి తల్లిదండ్రులగుచున్నారు. పెద్దల డాక్టరుకు ఆ పుట్టుక లోపము కొత్త, పిల్లల డాక్టరుకు పెద్దవాని రక్తపోటు కొత్త. రెండూ తెలిసినవాడొకడు కావాలి.

ఈ కొరత మన ఊళ్లలోను ఉన్నది. ఏజెన్సీ ప్రాంతపు బిడ్డలలో సికిల్ సెల్ జబ్బు ఉన్నది. దాని నిర్మూలనకు 2023లో జాతీయ కార్యక్రమము మొదలైనది. కీళ్లవాతపు జ్వరమువలన గుండె కవాటములు చెడిన బిడ్డలున్నారు. వారికి మూడు నాలుగు వారములకొక పెన్సిలిన్ ఇంజెక్షను ఏండ్ల తరబడి సాగాలి. అమ్మ చేయి పట్టుకొని తీసుకువెళ్లినంతకాలము అది సాగుతుంది. బిడ్డకు పద్దెనిమిదేండ్లు నిండి, పిల్లల డాక్టరు ఇక పెద్దాసుపత్రికి వెళ్లమన్న తరువాత కొందరు ఎక్కడికిని వెళ్లరు. చదువని, పనియని, పెండ్లియని ఊరు మారుతారు, పాత చీటీలు పోతాయి, మందు ఆగిపోతుంది. కొన్నేండ్లకు ఆయాసముతో వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఇరవై ఏండ్లు కాపాడిన ప్రాణము ఇట్లు జారిపోతే ఎంత నష్టము!

ఉమ్మడి శిక్షణగల వైద్యులు వచ్చువరకు మనము చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. మూడు పనులు మన చేతిలో ఉన్నవి. మొదటిది, దీర్ఘరోగముగల ప్రతి బిడ్డకు ఒక కాగితము వ్రాయించండి: జబ్బు పేరు, జరిగిన ఆపరేషను, మందులు, వాటి మోతాదు. రెండవది, పన్నెండు, పద్నాలుగేండ్లప్పుడే బిడ్డకు తన మందు తానే లెక్కించుట నేర్పండి. కన్ఫర్మేషను తరగతిలో తన విశ్వాసమును తానే ఒప్పుకొన నేర్చుకొను బిడ్డ, తన దేహమును గూర్చియు నేర్చుకొనగలదు. మూడవది, మిషను ఆసుపత్రులలో పిల్లల డాక్టరు, పెద్దల డాక్టరు నెలకొకసారి ఒకే గదిలో కూర్చొని ఇట్టివారిని కలిసి చూడవలెనని డయోసిస్ కోరవచ్చును. దానికి కొత్త భవనము అక్కరలేదు, ఒక బల్ల, మూడు కుర్చీలు చాలును.

వైద్యవిద్యకు వెళ్లుచున్న మన యౌవనులకు ఒక్క మాట. ఏ శాఖ ఎన్నుకొన్నను, మీ వార్డు గుమ్మము దాటి వెళ్లిన రోగి ఎవరి దగ్గరకు చేరాడో కనుక్కొనండి. ఆ గుమ్మమువద్ద ఏ బిడ్డయు తప్పిపోకుండునట్లు దేవుడు మన రెండవ నూరేండ్ల పరిచర్యను ఆశీర్వదించును గాక.