మన పెద్దల మరపును గూర్చి
(స్త్రీల సమాజ కూడికలో చేసిన ప్రసంగము)



ఈ శతవార్షికోత్సవ దినములలో సంఘ చరిత్రను గూర్చి మాటలాడువారు అనేకులున్నారు. ఆ చరిత్రను కన్నులార చూచిన మన పెద్దలలో కొందరు మాత్రము దానిని మరచిపోవుచున్నారు. నేను ఆ మరపును గూర్చి మాటలాడగోరుచున్నాను. అంతకు ముందు నా తప్పిదమును ఒప్పుకొనవలెను.

నేను పూర్వము పనిచేసిన గుడిలో ఒక మామ్మగారుండిరి. ఏండ్ల తరబడి సండేస్కూలు నడిపినవారు. ఒకనాడు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, రెండు దినములాయె, నా కోడలు నాకు అన్నము పెట్టలేదండీ" అని కన్నీరు పెట్టుకొనిరి. నేను విచారింపలేదు. సంఘపెద్దల యెదుటికి కోడలిని పిలిపించి గట్టిగా మందలించితిని. "ఇప్పుడే పెట్టి వచ్చితినండి అయ్యగారూ" అని ఆమె ఒక్క మాట అనినది. నేను నమ్మలేదు.

కొన్ని నెలలకు మామ్మగారు తమ వీధిలోనే దారి తప్పిరి. అప్పుడు డాక్టరుగారు ఎం.ఆర్.ఐ. తీయించి, ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి నాకు చూపిరి. చెవులకు లోపలితట్టున, మెదడు అడుగున, ఇరుప్రక్కల వ్రేలంతటి భాగమొకటి కలదు. సముద్రపు గుర్రమును పోలియుండుటచేత దానికి హిప్పోక్యాంపస్ అని పేరు. నేడు జరిగినది రేపటికి జ్ఞాపకముండుటకు అది ఆవశ్యకము. వయస్సుతో ఎవరికైనను అది ఏటా ఒకటి రెండు శాతము కుంచించుకొనిపోవును. ఆల్జైమర్ వ్యాధిలో నాలుగైదు శాతము పోవును. మామ్మగారి ఫిల్ములో ఆ చోట నల్లని ఖాళీ యుండెను. చిన్ననాటి సంగతులు చెప్పగలుగుచునే, గంట క్రితము తినిన అన్నమును ఆమె ఎరుగకుండిరి. ఆమె అబద్ధమాడలేదు, కోడలును ఆడలేదు. తీర్పు తప్పినవాడను నేనే. వారి యింటికి వెళ్లి, అదే పెద్దల యెదుట ఆ కోడలమ్మను క్షమాపణ వేడుకొంటిని.

1906లో జర్మనీలో ఆలోయిస్ ఆల్జైమర్ అను వైద్యుడు, మరణించిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, కణముల నడుమ ముద్దలను, కణములలో చిక్కుపడిన పోగులను కనుగొనెను. ఆ కాలమున మనిషి పోయిన తరువాతనే చూడ వీలుండెడిది. 1971లో లండనులో సి.టి. స్కాను వచ్చినది. తరువాత, అయస్కాంతముతో కణజాలములోని నీటి ఆనవాలు పట్టి చిత్రించు ఎం.ఆర్.ఐ. వచ్చినది. ఆ ముద్దలకు అంటుకొను మందును నరములోనికి ఎక్కించి, పెట్ స్కానుతో 2002లో స్వీడనులో జీవించియున్న రోగి మెదడులోనే వాటిని చూచిరి.

అయితే చిత్రమొక్కటే సమస్తమును చెప్పదు. అమెరికాలో 1986లో స్నోడన్ అను శాస్త్రజ్ఞుడు ఆరంభించిన పరిశోధనలో 678 మంది కతోలిక సన్యాసినులు చేరి, మరణానంతరము తమ మెదడులను పరీక్షకు ఇచ్చుటకు సమ్మతించిరి. ఇట్టి కానుకను గూర్చి మన గుడులలో ఎన్నడైనను ప్రసంగించితిమా? వారిలో 101వ యేట మరణించిన ఒక సహోదరి మెదడు నిండ ఆ ముద్దలు, చిక్కులు ఉండెను. అయినను ఆమె బుద్ధి చివరివరకు చురుకుగానే యుండెను. మెదడులో చిన్న చిన్న రక్తనాళములు మూసుకొనిన వారికి మరపు అధికముగా కనబడినదని కూడ అక్కడ తేలినది. కావున రక్తపు పోటును అశ్రద్ధ చేయకుడి.

మరియొక మాట. మరపంతయు ఈ వ్యాధియే కాదు. తలకు దెబ్బ తగిలి లోపల రక్తము గడ్డకట్టినను, నీరు చేరినను మరపు రావచ్చును. వీటిని స్కాను పట్టుకొనును, చికిత్సయు కలదు. బి12 విటమిను తక్కువైనను, థైరాయిడు చెడినను రావచ్చును; దానికి రక్తపరీక్ష చాలును. "ముసలితనమే కదా" అనియు, "ప్రార్థన తగ్గినది" అనియు చెప్పి ఇంట కూర్చుండబెట్టకుడి. ఈ రెండవ మాట నేనును అనియున్నాను.

71వ కీర్తనలో భక్తుడు వృద్ధాప్యమున తన్ను విడువవద్దని వేడుకొనుట మీరెరుగుదురు. మన సంఘములో ఇట్టి పెద్దలను కనిపెట్టుకొని, నెలల తరబడి గుడికి రాలేకపోయిన కోడండ్రు, కుమార్తెలు ఉన్నారు. ఆరాధన జరుగు ఆ రెండు గంటలు వారి యింట కూర్చుండగలవారు కావలెను. పేర్లు ఇచ్చువారికొరకు ఈ ఆదివారము ఆరాధన తరువాత వెస్ట్రీయొద్ద నేనుందును.