పగ పట్టిన మనస్సు



పాశ్చాత్య సాహిత్యమున భీకర కథలకు ప్రత్యేకమైన శాఖ యొకటి కలదు. దానికి 'గాథిక్' నవల యని పేరు. శిథిల దుర్గములు, నేలమాళిగలు, అర్ధరాత్రపు హత్యలు అందలి సామగ్రి. 1764లో హొరేస్ వాల్‌పోల్ ప్రకటించిన 'ఒట్రాంటో దుర్గము'తో ఆ శాఖ మొదలైనదని విమర్శకులు చెప్పుదురు. అట్టి కథలలో పగ తీర్చుకొనుటకై ప్రాణము తీయువాడు తరచుగా కనిపించును. వాని కత్తికంటె వాడు చెప్పు కారణములే చదువరిని ఎక్కువగా భయపెట్టును; ఏలయన, వినుచున్నకొలది అవి సమంజసముగానే తోచును.

1818లో వెలువడిన మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్'ను చూడుడు. విక్టర్ అను విద్యార్థి యొక ప్రాణిని సృజించి, దాని వికృతరూపమునకు జడిసి, విడిచి పారిపోయెను. ఆ ప్రాణి పుట్టుకతో క్రూరమైనది కాదు. ఒక పేద కుటుంబమును చాటుననుండి చూచుచు మాటలు నేర్చెను. రాత్రులందు వారికి కట్టెలు కొట్టి తెచ్చి పెట్టెను. ఎదుటపడగానే వారును కొట్టి తరిమిరి. అప్పుడు పగ పుట్టినది. దానికి మొదట బలియైనది విక్టరు తమ్ముడు, పసివాడు. ఫ్రాంకెన్‌స్టైన్ ఇంట పుట్టుటయే వాని నేరము.

1846లో ఎడ్గార్ అలన్ పో వ్రాసిన 'అమాంటిల్లాడో పీపా' యను చిన్న కథలో మాంట్రెసార్ తన్ను అవమానించినవానిని ద్రాక్షసారాయి నెపమున నేలమాళిగలోనికి గొనిపోయి, గోడ కట్టి సజీవ సమాధి చేయును. ఆ అవమానమెట్టిదో ఎక్కడను చెప్పడు. కాని యాబది యేండ్లు గడచిన తరువాతను ఆ రాత్రి జరిగినదంతయు పూసగ్రుచ్చినట్లు చెప్పగలడు. చచ్చినవాడు గోడ వెనుక నుండగా, చంపినవాడును ఆ నేలమాళిగనుండి వెలుపలికి రాలేకపోయినాడు.

ఇట్టి మనస్సును ఎరుగుటకు తెలుగువారు సముద్రములు దాటనక్కరలేదు. పదమూడవ శతాబ్దమున తిక్కన తెనిగించిన సౌప్తిక పర్వమున అశ్వత్థామ యున్నాడు.

ఆ పగకు మొదలు ఒక గిన్నెడు పాలు. కలవారి బిడ్డలు పాలు త్రాగుట చూచి పసివాడైన అశ్వత్థామ ఏడ్చినాడు. తోడి పిల్లలు పిండి కలిపిన నీళ్లిచ్చి పాలని నమ్మించగా, త్రాగి సంతోషముతో గంతులు వేసినాడని వ్యాసభారతము చెప్పుచున్నది. పేదవాడైన ద్రోణుడు బాల్యమిత్రుడగు ద్రుపదుని సాయమడుగబోయెను. రాజునకును పేదకును స్నేహమేమని ద్రుపదుడు పరిహసించెను. ద్రోణుడు శిష్యులచేత ఆ రాజును పట్టి తెప్పించి, సగము రాజ్యము పుచ్చుకొనెను. ద్రుపదుడు ద్రోణుని చంపగల కొడుకునకై యజ్ఞము చేసి ధృష్టద్యుమ్నుని పొందెను. కురుక్షేత్రమున, కొడుకు చచ్చెనను అబద్ధము విని ద్రోణుడు అస్త్రములు విడిచి కూర్చుండగా, ధృష్టద్యుమ్నుడు ఆయన తల నరికెను. ఇందు ప్రతివాడును తనకు జరిగిన అన్యాయమునుండియే లెక్క మొదలుపెట్టుకొనెను. తాను చేసినదానిని లెక్కలో చేర్చినవాడొక్కడును లేడు.

దుర్యోధనుడు తొడలు విరిగి పడిన రాత్రి అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ అడవిలో ఒక మఱ్ఱిచెట్టు క్రింద ఆగిరి. తక్కిన యిద్దరును నిద్రించిరి. అశ్వత్థామకు నిద్ర రాలేదు. ఒక గుడ్లగూబ వచ్చి కొమ్మలపై నిద్రించు కాకులను చంపుట చూచి, తన దారి దొరకినదనుకొనెను. పగబట్టినవానికి లోకమంతయు తన యుద్దేశమునకు సాక్ష్యము చెప్పునట్లే కనిపించును. మేనమామయగు కృపుడు, ఈ రాత్రి నిద్రించుము, ఉదయమున పెద్దల నడిగి చేయుదమని బ్రతిమాలెను. ధర్మసేతువును వారే ముందు తెంచిరని అశ్వత్థామ బదులు చెప్పెను. ఆ మాటలో అబద్ధము లేదు. అందువలననే అది ప్రమాదకరము.

ఆ రాత్రి పాండవులు శిబిరమున లేరు. అశ్వత్థామ ధృష్టద్యుమ్నునికి శస్త్రముచే చచ్చు గౌరవము కూడ దక్కనీయక కాలదన్ని చంపెను. ద్రౌపది కొడుకు లైదుగురును వాని చేతనే కూలిరి. దుర్యోధనుడు ఆ వార్త విని సంతోషించి ప్రాణము విడిచెను. వాని కొరకు చేసిన పనికి ఫలము ఆ కొన్ని క్షణముల సంతోషమే. అశ్వత్థామకు మిగిలినది శిరోమణి పోయిన తల, ఒంటరిగా మూడువేల యేండ్లు తిరుగుమను శాపము.

ఈ కథకు భాగవత ప్రథమస్కంధమున వేరొక ముగింపు కలదు. పోతన తెలుగున అది యెల్లరకు పరిచితము. అర్జునుడు అశ్వత్థామను కట్టి తెచ్చి, బిడ్డలను పోగొట్టుకొన్న ద్రౌపది ముందు నిలిపెను. చంపుటకు ఆమెకున్నంత కారణము మరెవ్వరికిని లేదు. ఆమె తన దుఃఖమును మరువలేదు, నేరమును చిన్నది చేయలేదు. తాను ఏడ్చునట్లు వీని తల్లి కృపి ఏడ్వరాదని, విడువుమని చెప్పెను. పగబట్టిన మనస్సు ఎదుటివానిలో శత్రువు నొక్కనినే చూచును. ద్రౌపది వాని వెనుక నొక తల్లిని చూచెను. ఆ చూపుతో, గిన్నెడు పాలనుండి సాగివచ్చిన గొలుసు ఆమె చేతిలో తెగినది.

రాయలసీమ పల్లెలకు పగ పుస్తకములలో మాత్రమే చదివిన మాట కాదు. తాతల నాటి గట్టు తగాదాకు మనుమలు తలలిచ్చిన గ్రామములు, పురుషులు లేక తలుపులు మూసికొన్న యిండ్లు, రెండు పక్షములందును ఒకే తీరున ఏడ్చిన తల్లులు ఈ నేలకు తెలియును. అట్టి చోట ఎవరు ముందు మొదలుపెట్టిరని అడిగిన, ఇరువైపులవారికిని సిద్ధముగా నిజమైన సమాధానముండును. దానివలన గొలుసు తెగదు.

ప్యాపిలి వంటి గ్రామమున గ్రంథాలయము చేయగల మేలు ఇక్కడనే యున్నది. చదువరి అశ్వత్థామతో ఒక రాత్రి మఱ్ఱిచెట్టు క్రింద మేల్కొనియుండును. మరునాడు ద్రౌపది ప్రక్కన కూర్చుండును. రెండు బాధలును తనవియే యగును. సౌప్తిక పర్వమును, పోతన ప్రథమస్కంధమును ఒకదాని వెంట నొకటి చదువుడు. ఇంటి పిల్లలచేత పైకి చదివించి వినుడు. విన్న పిమ్మట, కృపుడు కోరినట్లు, ఒక రాత్రి నిద్రించి ఆలోచింపుడు.