తుఫాను సాయంలో మనం అడగాల్సిన లెక్కలు



"జనం ఆకలితో ఉంటే సర్వేలేమిటి, ముందు అన్నం పెట్టండి" అని మనలోనే చాలామంది అంటారు. అన్నం పెట్టాల్సిందే. కానీ ఎవరు బతికారు, ఎవరు పోయారు, ఎందుకు పోయారు అని అడక్కపోతే, వచ్చే తుఫానుకీ అదే పొట్లం, అదే చావు.

1991 ఏప్రిల్ 29 రాత్రి బంగ్లాదేశ్ తీరాన్ని ముంచిన తుఫానులో దాదాపు 1,40,000 మంది చనిపోయారు. తర్వాత పరిశోధకులు 45 చోట్ల ఇళ్ళకు వెళ్ళి 1,123 మంది వివరాలు సేకరించారు. ఇంత విపత్తుకి అది చిన్న సర్వేనే. అయినా పక్కా కట్టడం చేరినవాళ్ళంతా బతికారనీ, చేరలేనివాళ్ళలో నూటికి 22 మంది పోయారనీ తేల్చింది. పదేళ్ళలోపు పిల్లల్లో 26 శాతం, నలభై దాటిన స్త్రీలలో 31 శాతం మంది చనిపోయారు.

ఎందుకిలా? ఇది స్త్రీలని అడిగితేనే తెలుస్తుంది. హెచ్చరిక బజారులో మగవాళ్ళ మధ్యే తిరిగింది, ఇంట్లోకి రాలేదు. భర్త లేకుండా గడప దాటడమెలా అని కొందరు ఆగారు. పరాయి మగవాళ్ళతో కిక్కిరిసిన గదిలో, మరుగుదొడ్డి కూడా లేనిచోట రాత్రంతా ఉండటమెలా అని కొందరు వెనకాడారు. చంకలో పిల్లలు, ఒంటికి చుట్టుకునే తడిచీర. ఇవి తెలిశాకనే షెల్టర్లలో ఆడవాళ్ళకి వేరే గదులు, మరుగుదొడ్లు ఉండాలన్న మాట బలపడింది. అక్కడ హెచ్చరికలు చేరవేసే వాలంటీర్లలో ఇప్పుడు సగంమంది స్త్రీలు. 2007లో వచ్చిన సిడర్ తుఫానులో మరణాలు సుమారు 3,400. ఇదంతా సర్వేల పుణ్యమే అనను. షెల్టర్లూ పెరిగాయి, కబురూ ముందే అందింది.

2004 సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ ఇచ్చిన లెక్క చూడండి. కడలూరు జిల్లాలో చనిపోయినవాళ్ళు స్త్రీలు 391, పురుషులు 146. అక్కడి తీరంలో మగవాళ్ళు పడవల్లో ఉంటే, చేపలు అమ్ముకోవాలని ఆడవాళ్ళు ఒడ్డున ఎదురుచూస్తున్నారు. "మృతులు 537" అని ఒకే అంకె రాసుంటే ఇదంతా కనపడేదా?

పరిశోధకులకీ ఒక మాట. కాగితాలు నింపుకుపోయి మళ్ళీ మొహం చూపించకపోవడం న్యాయం కాదు. ఏం తేలిందో ఆ ఊరికే ముందు చెప్పాలి.

1977 దివిసీమ ఉప్పెన తర్వాత మన తీరంలోనూ షెల్టర్లు కట్టారు. తీరం ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడున్నారు కదా, మీరు చెప్పండి: మీ షెల్టర్‌లో మరుగుదొడ్డికి తలుపుందా? తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? నష్టపరిహారం జాబితాలో చేపలమ్మే ఆడమనిషి బుట్టా తక్కెడా రాస్తున్నారా, లేక పడవా వలా మాత్రమేనా?