దాటినాడా, దాటుతున్నాడా?
(హోసూరు ప్రాంత తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

బడిలో తెలుగు గురించి, పాఠ్యపుస్తకాల గురించి ఈ వేదిక మీద ఎన్నో ప్రసంగాలు విన్నాము. ఈరోజు నేను పోలీసు ఠాణా మెట్ల దగ్గర మన భాష గురించి మాట్లాడదలచాను. భాషాహక్కు బడితోనే ముగిసేది కాదు. ఆపద వచ్చిన రాత్రి మనిషి నోట వచ్చేది తల్లిభాషే. ఆ మాటను ఎవరు విన్నారు, ఎలా రాసుకున్నారు అన్నదాని మీద ఒక కుటుంబపు బతుకు ఆధారపడుతుంది.

హోసూరు నుండి కృష్ణగిరి పోయే రహదారి మనందరికీ తెలిసినదే. 2011లో ఒక సాయంత్రం ఆ దారిలో ఆలుమగలు బస్సు దిగారు. అతని పేరు బాలప్ప అనుకోండి. అతడు ముందు రోడ్డు దాటి, అవతలి మట్టిలో నిలబడి భార్య కోసం చూస్తున్నాడు. ఒక కారు వచ్చి గుద్దింది. ఆ రాత్రి ఆసుపత్రి వసారాలో ఆమె ఏడుస్తూ తెలుగులో చెప్పింది. రాసుకునే ఆయన తమిళంలో రాసుకున్నాడు. ఆమె వేలిముద్ర వేసింది.

నకలు కోసం ఆమె తమ్ముడు కాళ్లరిగేలా తిరిగాడు. రేపు రా, రైటరు లేడు, అయ్య బందోబస్తుకు పోయినాడు అన్నారు. చివరికి నాలుగో నెలలో కాగితం నా చేతికి వచ్చింది. చదివి ఆమెకు తెలుగులో వినిపించాను. ఆమె నిర్ఘాంతపోయింది. “అన్నా, దాటేసి మట్టిలో నిలబడుకొని ఉండె అని కదా నేను చెప్తిని!” అన్నది. కాగితంలో ఉన్నది “రోడ్డు దాటుతుండగా” అని.

దాటి, దాటుతూ. రెండు మాటలకు నడుమ ఉన్నది ఒక క్రియారూపం. కాని పరిహారపు కేసులో అదే తప్పు ఎవరిదో తేల్చే మాట. బీమా సంస్థ న్యాయవాది ఆ వాక్యాన్నే పట్టుకున్నాడు. స్థల పటంలో గుర్తు తారు అంచున ఉంది. దాటినాడనీ చెప్పవచ్చు, దాటుతున్నాడనీ చెప్పవచ్చు. చూసిన టీ అంగడి మనిషి అప్పటికే అంగడి మూసి ఎటో వెళ్లిపోయాడు. మృతునిలోనూ అజాగ్రత్త ఉందని చెప్పి ట్రిబ్యునల్ పరిహారంలో నాలుగో వంతు కోసింది. అప్పీలుకు పోదామంటే ఆమెకు ఓపిక లేదు. మొదటి వారంలోనే నకలు తెప్పించి, ఆమెకు చదివి వినిపించి, తప్పును రాతపూర్వకంగా పై అధికారికి తెలియజేసి ఉంటే ఆ కోత పడేది కాదేమో. ఆ “ఏమో” నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆ ఆలస్యంలో నా వంతూ ఉంది.

రాసుకున్న ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన కుట్ర చేయలేదు. ఆయనకు తెలుగు సగమే తెలుసు. తమిళంతో మనకు తగవు లేదు. తగవల్లా, సగం తెలిసిన భాషలో నిండు బతుకును రాసే పద్ధతితోనే.

ఇంకొకటి లిపి సంగతి. తమిళంలో ప, బ లకు ఒకటే అక్షరం. క, గ లకూ ఒకటే. బాలప్ప తమిళ కాగితంలో ఎక్కి, అక్కడినుండి ఇంగ్లీషులోకి దిగేసరికి పాలప్ప అవుతాడు. గంగమ్మ కంకమ్మ అవుతుంది. ఆధారులో ఒక పేరు, ఎఫ్.ఐ.ఆర్.లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకొక పేరు! సొమ్ము మంజూరైనాక కూడా ఇద్దరూ ఒకరేనని నిరూపించుకోవలసిన దుస్థితి. కాబట్టి ఫిర్యాదులో పేరును తమిళంతో పాటు ఆధారులో ఉన్నట్టు ఇంగ్లీషు అక్షరాలలో కూడా రాయించండి.

ఇక చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2024 జూలై 1 నుండి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులో ఉంది. దాని 173వ సెక్షన్ ప్రకారం నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చెప్పినవారికి చదివి వినిపించాలి. ఆ తరువాతే సంతకం. నకలును ఫిర్యాదుదారునికి గాని బాధితునికి గాని వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. పాత చట్టంలో ఫిర్యాదుదారుని మాటే ఉండేది. ఇప్పుడు బాధితుడూ చేరాడు. అర్థం కాని భాషలో చదివితే వినిపించినట్టా? కాదు. “తెలుగులో చదివి చెప్పగా విని ఒప్పుకొన్నాను” అన్న వాక్యం లేనిదే వేలిముద్ర వేయకండి.

మన రాష్ట్రంలో చాలాచోట్ల మొదట సి.ఎస్.ఆర్. రసీదు చేతిలో పెడతారు. అది ఫిర్యాదు అందిందనే చీటీ మాత్రమే; ఎఫ్.ఐ.ఆర్. కాదు. శిక్షార్హమైన, వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం కనబడితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు తప్పనిసరని లలితాకుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. నమోదు చేయకపోతే జిల్లా ఎస్.పి.కి రాయండి, అక్కడా ఫలితం లేకుంటే మేజిస్ట్రేటును ఆశ్రయించండి. ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటలలో వెబ్‌సైటులో పెట్టాలని 2016లో అదే న్యాయస్థానం ఆదేశించింది. తమిళనాడు పోలీసుల వెబ్‌సైటులో చూసుకొనే వీలుంది. ఊరిలో చదువుకున్న పిల్లలు ఈ పని నేర్చుకోవాలి.

2022 ఏప్రిల్ 1 నుండి మోటారు వాహనాల నియమాలు మారాయి. ప్రమాదం జరిగిన 48 గంటలలో పోలీసులు మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. 50 రోజులలో మధ్యంతర నివేదిక, 90 రోజులలో సమగ్ర నివేదిక. బాధితుని హక్కులు తెలిపే పత్రాన్ని పది రోజులలో అతనికే ఇవ్వాలి. పరిహారపు దరఖాస్తుకు ఆరు నెలల గడువు కూడా ఆ రోజు నుండే చట్టంలోకి వచ్చింది. అందుచేత నాలుగు నెలలు నకలు కోసం తిరగడం ఈనాడు ఎవరి తరమూ కాదు.

అడగవలసినవి ఇవి: ఎఫ్.ఐ.ఆర్., స్థల పటం, మహజరు, వాహన తనిఖీ నివేదిక, గాయాల ధ్రువపత్రం లేదా శవపరీక్ష నివేదిక, వాహనపు బీమా వివరాలు. దరఖాస్తులో నేర సంఖ్య, తేదీ, చోటు, బండి నంబరు, బాధితునితో మీ చుట్టరికం రాయండి. రెండు ప్రతులు తీసుకుపోయి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

దరఖాస్తు ఏ భాషలో అంటారా? రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా మొర పెట్టుకోవచ్చు. జవాబు కూడా అదే భాషలో ఇవ్వాలని అందులో లేదు, నిజం చెప్పుకోవాలి. కనుక తెలుగులో రాసి, పక్కనే తమిళ అనువాదం జత చేయండి. హక్కూ నిలబడుతుంది, పనీ జరుగుతుంది. సమాచార హక్కు చట్టపు దరఖాస్తు మాత్రం తమిళంలో గాని ఇంగ్లీషులో గాని వేయండి. ఆ చట్టం భాషను ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాషలకు పరిమితం చేసింది.

భాషా అల్పసంఖ్యాకులు నూటికి పదిహేను మందికి తగ్గకుండా ఉన్నచోట ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలోనూ వెలువడాలన్నది అఖిల భారత స్థాయిలో ఒప్పుకొన్న రక్షణ. బాధితుని హక్కుల పత్రం కన్నా ముఖ్యమైన ప్రకటన ఏముంటుంది? దానిని తెలుగులో అచ్చు వేయమని కలెక్టరును, భాషా అల్పసంఖ్యాకుల కమిషనరును కోరుదాం. ప్రతి ఠాణాలో తెలుగు చదివి చెప్పగల ఇద్దరి పేర్లు గోడ మీద ఉండాలని అడుగుదాం. ఆ ఇద్దరిని మనమే ఇద్దాం. మా వీధికి నేను వస్తాను; మీ వీధికి ఎవరు వస్తారో ఈరోజు ఇక్కడినుండి లేచే ముందు చెప్పండి.