అత్తో అంటే అత్తగారు కాదండోయ్!

ఈరోజు మనం చెన్నైలో, బర్మా బజార్ దగ్గర ఒక చిన్న హోటల్లో ఉన్నాం. ఇక్కడ స్పెషల్ 'అత్తో'. అంటే బర్మా నూడుల్స్ సలాడ్ అన్నమాట.

చూడండి, వేయించడాలేం లేవు. ఉడికించి చల్లార్చిన నూడుల్స్‌లో సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లిపాయ, చింతపండు రసం, వెల్లుల్లి నూనె, ఎండుమిర్చి కారం వేసి, అన్న చేత్తోనే కలిపేస్తున్నారు. బర్మా భాషలో ఆ మాటకి అర్థమే 'చేత్తో కలిపింది' అని. అచ్చం మనం పులిహోర కలిపినట్టే! పక్కన వేడివేడి అరటిదూట సూప్.

అబ్బా... ముందు పులుపు, ఆ వెనకే కారం, చివర్లో కమ్మటి వెల్లుల్లి. సూపర్!

ఇది ఇక్కడికెలా వచ్చిందో తెలుసా? 1962లో బర్మాలో సైన్యం అధికారంలోకి వచ్చింది. 1964లో దుకాణాల్ని ప్రభుత్వమే తీసేసుకుంది. తమిళులు, మన తెలుగువాళ్లు వేల కుటుంబాలు ఓడలెక్కి మద్రాసుకి, విశాఖకి వచ్చేశారు. ఇళ్లు, షాపులు అక్కడే పోయాయి. చేతిలో ఉన్న వంట మాత్రం వాళ్లతోనే వచ్చింది. ఆ వంటే ఇక్కడ కొందరికి మళ్లీ బతుకు అయ్యింది.

మీ ఇంట్లో బర్మా నుంచి వచ్చిన పెద్దవాళ్లుంటే, అక్కడ ఏం తినేవారో ఈరోజే అడగండి. కామెంట్లో చెప్పండి. ఉంటాను, బై!