బొమ్మల ఘటోత్కచుడు



బామ్ని, బల్లార్షా, రాజురా ప్రాంతాల్లో మన పిల్లలకు బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరం దిద్దని పిల్లవాణ్ణి అడిగినా ఘటోత్కచుడెవరో చెబుతాడు. అది పుస్తకం చలవ కాదు, సినిమా చలవ. అందుకే ఈ రోజు ఒక బొమ్మల సినిమా గురించి మాట్లాడదలచాను. పేరు 'ఘటోత్కచ్'. 2008లో పలు భాషల్లో విడుదలైంది. దర్శకులు సింగీతం శ్రీనివాసరావు గారు.

ఆ పేరు వింటే ఆశ పుట్టడం సహజం. మాటలే లేకుండా 'పుష్పక విమానం' నడిపించిన మనిషి ఆయన. పైగా 1957 నాటి 'మాయాబజార్'కు కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. మరి, ఆ చేతి నుంచి వచ్చిన బొమ్మల సినిమా పాతదాని దరిదాపులకు ఎందుకు రాలేకపోయింది?

బొమ్మలు గీసి తీయడం వల్ల అనుకుంటే పొరపాటు. 1937లో వాల్ట్ డిస్నీ తీసిన 'స్నో వైట్' కూడా గీసిన బొమ్మలే కదా! అందులో మరుగుజ్జులు ఏడుగురు, ఏడుగురిదీ వేరు వేరు నడక. కథానాయిక కదలికల కోసం ఒక నర్తకిని ముందుగా నటింపజేసి, ఫిల్ము తీసి, దాన్ని చూసుకుంటూ గీశారు. బొమ్మ వెనుక ఒక మనిషి ఒళ్ళు ఉంది.

'మాయాబజార్'లో మాయ ఎక్కడుందో గుర్తు చేసుకోండి. ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడు లడ్డూలు మింగడం ఒక ముచ్చట, సరే. అసలు మాయ సావిత్రి గారి దగ్గర ఉంది. పైకి శశిరేఖ, లోపల ఘటోత్కచుడు. ఆ చూపు మగాడిది, ఆ నడక రాక్షసుడిది. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కితే రేలంగి గారి ముఖం చూసి థియేటరంతా నవ్వింది. బొమ్మల లోకంలో ఎవరు ఎవరుగానైనా మారిపోవచ్చు, దానికి గీత చాలు. సులువుగా అయ్యే మాయను చూసి ఎవరు నోరు తెరుస్తారు? కొత్త సినిమాలో బాల ఘటోత్కచుడూ, వాడి నేస్తమైన ఏనుగూ పసివాళ్ళను ఆడిస్తాయి, కాదనను. కానీ పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చూసే సినిమా కాలేదు.

రెండో లోటు మాటలది. మనబోటి సరిహద్దు వాళ్ళకు ఇదే పెద్దదని నా అభిప్రాయం. 'మాయాబజార్'కు పింగళి నాగేంద్రరావు గారు మాటలు పుట్టించారు. అస్మదీయులు, తస్మదీయులు, గిల్పం, గింబళి! వీటిని మరాఠీలోకి తిప్పి చూడండి, సగం రుచి పోతుంది. ఘటోత్కచుడి శిష్యులు దుష్టచతుష్టయం అనలేక 'దుసట చతుసటయం' అంటారు. మరాఠీ యాస కలిసిన తెలుగు మాట్లాడి, చుట్టాలింట నవ్వులపాలైన మన పిల్లలకు ఆ శిష్యులంటే ఎంత ఆప్యాయమో! ఇక పలు భాషల్లో పనికి రావాలని వండిన సినిమాలో ఉప్పూ కారం అందరికీ సరిపడా తగ్గించక తప్పదు. అది సింగీతం వారి లోపమనడం కన్నా ఆ వ్యాపారం తీరు అనడమే న్యాయం.

2010లో 'మాయాబజార్'కు రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. మార్కస్ బార్ట్లే గారి నలుపు తెలుపు వెన్నెల ముందు ఆ రంగులు నాకు వెలవెలబోయినట్టే కనిపిస్తాయి. అయినా నలుపు తెలుపంటే ముఖం తిప్పుకునే పిల్లలకు రంగులదే చూపించండి. వీలైతే ముందు బొమ్మల సినిమా, మరునాడు ఇది. మూడో రోజు పిల్లలు వాకిట్లో ఏ మాటలు అనుకుంటూ ఆడుకుంటున్నారో కాస్త చెవి పెట్టి వినండి.